క్లీన్ కొట్టే అలవాటు మానండి, అమ్మడూ

చిరంజీవి అమ్మడికి పిన్ని ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. మీ టీములో ఎవరికి ఏ తేడా వచ్చినా ముందు "మేక్ క్లీన్ కొట్టి మళ్ళీ బిల్డ్ చెయ్" అంటారనీ, అంటే కట్టిన ఫైళ్ళన్నీ తుడిచేసి ప్రోగ్రాంని మొదటినుంచి కట్టమంటారనీ, సగం సార్లు దానితోనే సమస్య పోతుందనీ రాశావు. అలా పోయిన సమస్యల గురించే నాకు దిగులు. క్లీన్ కొడితే పోయిందంటే, చాలావరకు మీ బిల్డ్‌కి ఏది దేనిమీద ఆధారపడిందో తెలియదన్నమాట. అలాంటి బిల్డ్ మీద నడిచే యూనిట్ టెస్టులు, అంటే కోడ్‌లో ఒక్కో చిన్న భాగాన్ని పరీక్షించేవి, పాసైనా నమ్మలేం, ఫెయిలైనా నమ్మలేం. టెస్టులు ఎలా పెట్టుకోవాలనే నువ్వు అడిగావు. వాటి దగ్గరికి వస్తాను గానీ, ముందు హెడర్ల సంగతి చూడు, అంటే చాలా సోర్సు ఫైళ్ళు కలిసి వాడుకునే నిర్వచనాల ఫైళ్ళు.

సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ఒక్కో సోర్సు ఫైలునీ విడిగా చూస్తుంది. ఇన్‌క్లూడ్ చేసిన హెడర్లో ఉన్నదంతా ఆ ఫైల్లోకి వచ్చి పడుతుంది, అంతా కలిపి మెషిన్ కోడ్ ఉన్న ఒక ఆబ్జెక్ట్ ఫైలవుతుంది. ఒక స్ట్రక్చర్లో మొదట 4 బైట్ల ఐడీ, తర్వాత 4 బైట్ల రీడింగ్ ఉన్నాయనుకో. ఆబ్జెక్ట్ ఫైల్లో రీడింగ్ అన్న పేరు మిగలదు, "మొదటినుంచి 4 బైట్లు దాటి చదువు" అన్న అంకె మిగులుతుంది. ఆ రెండింటి మధ్య నువ్వు 4 బైట్ల స్టేటస్ చేర్చావనుకో. మళ్ళీ కంపైలైన ఫైళ్ళు 8 దగ్గర చదువుతాయి. కానివి ఇంకా 4 దగ్గరే చదివి, స్టేటస్‌నే రీడింగ్ అనుకుంటాయి. మనిషి కొలతలు మారాక కూడా పాత కొలతల చీటీ చూసి జాకెట్టు కుట్టినట్టు. ఆబ్జెక్ట్ ఫైళ్ళని కలిపి ప్రోగ్రాం చేసే లింకర్ పేర్లు కలిశాయా అని చూస్తుందే గానీ లోపలి అమరిక చూడదు. సీ ప్లస్ ప్లస్‌లో ఫంక్షన్ పేరుకి టైపుల పేర్లు కలుస్తాయి, వాటి సైజులు కలవవు. కాబట్టి ఒక్క వార్నింగ్ కూడా రాదు. ప్రోగ్రాం క్రాషైతే మీ అదృష్టం. తప్పు అంకె చూపిస్తూ చక్కగా నడిచిపోతేనే ప్రమాదం.

బిల్డ్ నడిపే మేక్ అసలు పుట్టిందే ఇలాంటి బాధలోంచి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ దాన్ని రాశాడు. పార్సర్లు తయారుచేసే యాక్ అనే టూల్ రాసిన స్టీవ్ జాన్సన్ అప్పటికే దిద్దిన ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ ఒక ఉదయమంతా పోగొట్టుకున్నాడట. దిద్దిన ఫైలుని మళ్ళీ కంపైల్ చెయ్యకపోవడమే కారణం. ఆయన ఆ కోపంతో ఫెల్డ్‌మన్ గదిలోకి రావడంతో ఈ పని మొదలైంది.

ఏది దేనిమీద ఆధారపడిందో మేక్‌కి చెప్పే మీ మేక్‌ఫైల్లో హెడర్ల పేర్లు చేత్తో రాసి ఉన్నాయన్నావు. అది నిలవదు. ఒక హెడర్ ఇంకో హెడర్‌ని తెచ్చుకుంటుంది, అది మూడోదాన్ని తెచ్చుకుంటుంది. ఆ చిట్టాని రోజూ దిద్దుతూ కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు. ఏ ఫైలు ఏ హెడర్లు తెరిచిందో కంపైలర్‌కి తెలుసు కనుక దానిచేతే రాయించండి. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో దేనికైనా -ఎంఎండీ, -ఎంపీ అనే రెండు ఫ్లాగులు, అంటే కమాండ్‌లో ఇచ్చే సూచనలు, ఇవ్వు, రెండూ పెద్దక్షరాల్లో. ప్రతి ఆబ్జెక్ట్ ఫైలు పక్కనా ఒక డాట్ డీ ఫైలు వస్తుంది, మేక్‌కి అర్థమయ్యే భాషలోనే ఉంటుంది. వాటన్నిటినీ మేక్‌ఫైల్ చివర ఇన్‌క్లూడ్ చెయ్యి. ఆ ఇన్‌క్లూడ్ ముందు ఒక హైఫన్ పెట్టు, లేకపోతే మొదటిసారి ఆ ఫైళ్ళు లేవని మేక్ ఆగిపోతుంది. మొదటిసారి అవి లేకపోయినా నష్టం లేదు, ఎలాగూ అన్నీ కంపైలవుతాయి.

-ఎంపీ ఎందుకని అడుగుతావేమో. ఎవరైనా ఒక హెడర్‌ని తీసేస్తే, పాత డాట్ డీ ఫైల్లో దాని పేరు ఇంకా ఉంటుంది. "దీన్ని తయారుచేసే రూల్ లేదు" అంటూ మేక్ ఆగిపోతుంది, మీవాళ్ళు మళ్ళీ క్లీన్ కొడతారు. ఈ ఫ్లాగ్ ఉంటే ఆ గొడవ ఉండదు. ఇంకొకటి, -ఎంఎండీ సిస్టం హెడర్లని చిట్టాలో రాయదు. మీ బోర్డు తయారీదారు ఇచ్చే ఎస్‌డీకే అనే కోడ్ కిట్‌ని సిస్టం హెడర్లుగా పెట్టుకుని అప్పుడప్పుడు మారుస్తుంటే, ఒక ఎం తగ్గించి -ఎండీ వాడండి.

బిల్డ్ మధ్యలో టూల్‌తో తయారుచేసుకునే హెడర్లున్నచోట జాగ్రత్త, డేటా వర్ణన నుంచి కోడ్ పుట్టించే ప్రోటోబఫ్ నుంచి వచ్చేవాటిలాంటివి. శుభ్రమైన డైరెక్టరీలో ఇంకా డాట్ డీ ఫైళ్ళుండవు కాబట్టి ఆ హెడర్ ముందు తయారవ్వాలని మేక్‌కి తెలియదు. రూల్లో నిలువు గీత తర్వాత దాని పేరు రాస్తే ముందు అది తయారవుతుంది. "-జే 1 అయితే బిల్డ్ అవుతుంది, -జే 8 అయితే ఒక్కోసారి పోతుంది" అని ఎవరైనా అంటే సర్వర్‌ని అనుమానించకండి, -జే అంటే ఒకేసారి ఎన్ని పనులు నడపాలన్న సంఖ్య. ఎక్కడో ఒక డిపెండెన్సీ చెప్పడం మరిచిపోయారు.

మామూలు మేక్ పట్టుకోలేనిది మరొకటుంది, ఫ్లాగుల మార్పు. మేక్ ఫైళ్ళ టైమ్ మాత్రమే పోలుస్తుంది. డీబగ్ మాక్రో (ఫ్లాగుతో ఇచ్చే పేరు) ఉంటేనే స్ట్రక్చర్లో ఒక ఫీల్డ్ వచ్చేలా హెడర్ రాశారనుకో. కొన్ని ఫైళ్ళు ఆ మాక్రోతోనూ, కొన్ని అది లేకుండానూ కంపైలైతే పైన చెప్పిన ప్రమాదమే వస్తుంది. నింజా అనే బిల్డ్ టూల్ అయితే పోయినసారి ఏ కమాండ్‌తో కట్టిందో గుర్తుపెట్టుకుని, కమాండ్ మారితే మళ్ళీ కడుతుంది. అందుకే మీలాంటి చిన్న టీముకి బిల్డ్ ఫైళ్ళు రాసిపెట్టే సీమేక్, దాని వెనక నింజా వాడమంటాను. బేజెల్ అనే మరో బిల్డ్ టూల్ ఇంకా కచ్చితమైనది, శాండ్‌బాక్స్ (చెప్పిన ఫైళ్ళు మాత్రమే కనిపించే గది) నడుస్తున్నచోట చెప్పని హెడర్‌ని అసలు కనిపించనివ్వదు. కానీ దాన్ని చూసుకోవడానికే ఒక మనిషి కావాలి. డీబగ్‌కీ రిలీజ్‌కీ మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌కీ వేర్వేరు బిల్డ్ డైరెక్టరీలు పెట్టండి, ఒకదాంట్లోనే ఫ్లాగులు మార్చుతూ ఉండకండి.

ఇక టెస్టులు. మెయిన్ ఫైల్లో నాలుగు లైన్లే ఉంచి మిగతా కోడంతా ఒక లైబ్రరీగా చెయ్యండి. అసలు ప్రోగ్రాం, టెస్టు ప్రోగ్రాం రెండూ దానికే లింకవ్వాలి. అవే సోర్సు ఫైళ్ళని టెస్టు కోసం వేరే ఫ్లాగులతో మళ్ళీ కంపైల్ చేస్తే, మీరు పరీక్షించేది ఒకటి, కస్టమర్‌కి వెళ్ళేది ఇంకొకటి. టెస్టు ఫైళ్ళని మాత్రం స్టాటిక్ లైబ్రరీలో, అంటే ఆబ్జెక్ట్ ఫైళ్ళ మూటైన ఆర్కైవ్‌లో, పెట్టకు. గూగుల్ టెస్టు అనే లైబ్రరీలో టెస్టులు తమంతట తామే నమోదవుతాయి, వాటిని పేరుతో ఎవరూ పిలవరు. ఎవరూ పిలవని ఆబ్జెక్ట్ ఫైలుని లింకర్ ఆర్కైవ్‌లోంచి బయటికి తీయదు. టెస్టులు మాయమవుతాయి, రిజల్ట్ పచ్చగానే ఉంటుంది. టెస్టు సోర్సులు నేరుగా ఎగ్జిక్యూటబుల్‌కే ఇవ్వు. నడిచిన టెస్టుల సంఖ్య మీద కూడా ఒక కన్ను వేసి ఉంచు.

సీమేక్‌తో వచ్చే, టెస్టులు నడిపే సీటెస్ట్ తనంతట తాను బిల్డ్ చెయ్యదన్నది చాలామందికి తెలియదు. కోడ్ మార్చి నేరుగా దాన్ని నడిపితే నిన్నటి ఎగ్జిక్యూటబుల్ నడిచి పాసవుతుంది. జాన్సన్‌కి జరిగిందే మళ్ళీ మీకూ జరుగుతుంది. బిల్డ్, తర్వాత టెస్టు, ఈ రెండూ ఒకే స్క్రిప్టులో పెట్టి అందరిచేతా అదే వాడించు.

హెడర్ల విషయంలో ఒక చిన్న అలవాటు చేసుకో. ప్రతి సోర్సు ఫైల్లోనూ దాని సొంత హెడర్‌నే మొదట ఇన్‌క్లూడ్ చెయ్యి. ఆ హెడర్‌కి కావలసినవి అది తెచ్చుకుందో లేదో అక్కడే బయటపడుతుంది.

రేపు ఆఫీసులో ఒక పని చెయ్యి. పూర్తి బిల్డ్ అయ్యాక ఏమీ మార్చకుండా రెండోసారి కొట్టు, ఒక్క ఫైలు కూడా కంపైలవ్వకూడదు. తర్వాత అందరూ వాడే ఒక హెడర్ మీద టచ్ కమాండ్ (ఫైలు టైమ్ మాత్రం మార్చేది) కొట్టి మళ్ళీ బిల్డ్ చెయ్యి. దాన్ని వాడే ఫైళ్ళన్నీ కంపైలవ్వాలి, వాడనివి కదలకూడదు. ఫైళ్ళలో మాట వెతికే గ్రెప్‌తో తీసిన జాబితాతో పోల్చి చూడు, కాకపోతే ఇంకో హెడర్ ద్వారా వచ్చేవి గ్రెప్‌కి దొరకవు. మీ కంపెనీ కోడ్ నాకేమీ పంపొద్దు. ఏ ఫైలు అనవసరంగా కదిలిందో, ఏది కదలాల్సి ఉండి ఊరుకుందో నోటితో చెప్పు చాలు. ఆదివారం ఫోన్‌లో అక్కడినుంచి చూద్దాం.

మీ పిన్ని