ఆ 3 మిల్లీమీటర్లు ఎక్కడ కొలుస్తున్నావు?

చి. మాధవికి బాబాయి ఆశీస్సులు.

కంట్లో పెట్టే లెన్సుల టెస్టింగ్ ల్యాబ్‌లో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది, బెంగా ఉంది. కళ్లజోడు నప్పకపోతే మార్చుకుంటారు. కంట్లో అమర్చిన ఆ లెన్సుని, అదే ఐఓఎల్‌ని, మార్చాలంటే మళ్లీ ఆపరేషనే.

546 నానోమీటర్ల పచ్చకాంతి, సెలైన్‌లో బాగా నానిన లెన్సు, వెట్ సెల్ (లెన్సుని సెలైన్‌లో ఉంచే గాజు గది) అద్దానికి గాలిబుడగ లేకపోవడం, ఇవన్నీ నీకు తెలిసినవే. మోనోఫోకల్‌కి, అంటే ఒకే దూరానికి ఫోకస్ అయ్యే లెన్సుకి, 3 మి.మీ. అపర్చర్‌లో, మి.మీ.కి 100 గీతల జంటల దగ్గర ఎమ్‌టిఎఫ్ (గీతలు బొమ్మలో ఎంత స్పష్టంగా నిలుస్తాయో చెప్పే అంకె) 0.43కి తగ్గకూడదని ఈ లెన్సుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11979-2 మాట. అది అందుకోలేని డిజైన్లకి వేరే లెక్క ఉంది, చదువుకో.

అందరూ బోల్తా పడేది ఆ 3 మి.మీ. దగ్గరే. అది డయాఫ్రం (వెలుగుని కత్తిరించే రేకు) రంధ్రం కొలత కాదమ్మా, లెన్సు మీద పడే వెలుగు వెడల్పు. కంటి ముందు పొర బదులు పెట్టే మోడల్ కార్నియా దాటిన కిరణాలు దగ్గరకొస్తూ ఉంటాయి. లెన్సు వెనక 27 మి.మీ. దూరాన అవి కలుస్తాయనుకో. డయాఫ్రం లెన్సుకి 5 మి.మీ. ముందుంటే, 3 మి.మీ. రంధ్రం లెన్సు మీద 2.53 అవుతుంది. లెన్సు మీద 3 రావాలంటే రంధ్రం 3.56 ఉండాలి. అర మిల్లీమీటరే కదా అనకు! గోళీయ దోషం (అంచు కిరణాలు, మధ్య కిరణాలు ఒకేచోట కలవకపోవడం) వెలుగు వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది కాబట్టి సగానికి పడిపోతుంది. ఎక్కువ డయాప్టర్ల (పవర్) నాసి లెన్సు మంచిదానిలా కనిపిస్తుంది. అదే సమయంలో డిఫ్రాక్షన్ హద్దు, అంటే దోషమే లేని లెన్సుకైనా అందే గరిష్ఠ ఎమ్‌టిఎఫ్, సుమారు 0.61 నుంచి 0.54కి దిగి, నిక్కమైన లెన్సుకి మార్కులు తగ్గుతాయి. మంచీ చెడూ ఒకచోట చేరాక 0.43 గీత దేన్ని వేరు చేస్తుంది? అంకెలు మాత్రం ప్రతిసారీ ఒకేలా వస్తాయి గనక ఎవరికీ అనుమానం రాదు. లెన్సు స్థానంలో గీతల గాజుపలక పెట్టి వెలుగు వెడల్పు నువ్వే చూసుకో. పాత సర్టిఫికెట్‌ని నమ్మి సంతకం పెట్టావో, ఊరుకోను.

ఆస్ఫెరిక్ లెన్సు (గోళాకారం కాని వంపు ఉన్నది) వస్తే, మోడల్ కార్నియా ఏ రకమో ముందే అడిగి తెలుసుకో. మనిషి కార్నియా దోషాన్ని సరిచేసేలా చేసిన లెన్సుని దోషమే లేని కార్నియా వెనక పెట్టి, పెద్ద అపర్చర్‌లో చూస్తే పాపం ఫెయిలవుతుంది.

చేరగానే వెట్ సెల్ బొమ్మ గీసి, దూరాలు వేసి పంపు. లెక్క నేనూ ఓసారి చూస్తాను. వేళకి తిను.

మీ బాబాయి