రెండేళ్లు చెప్పినా ఒక్కరూ వినలేదంటే సువార్త చెప్పడం ఆపేయాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిరుపతిలో డిగ్రీ చదువుతూ రెండేళ్లుగా స్నేహితులకూ బంధువులకూ యేసు గురించి చెప్తున్నావు. ఒక్కరూ వినలేదు. క్లాసు వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. సొంత పెదనాన్నే "ఈ మాటలతో మా గడప తొక్కొద్దు" అన్నాడు. దేవుడు నన్ను ఈ పనికి పిలవలేదేమో, ఆపేయనా అని అడిగావు.

ఆపొద్దు. కానీ నువ్వు ఇప్పుడు చెప్తున్న పద్ధతి మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టు. ఎందుకో చెప్తాను.

నేను పద్దెనిమిదేళ్లుగా తిరుపతిలోనే టైలరింగ్ చేస్తున్నాను. షాపు పెట్టిన కొత్తలో కుట్టిన ప్రతి జాకెట్టు కవర్లో ఒక కరపత్రం పెట్టేదాన్ని. ఎవరూ అడగలేదు, నేనే పెట్టేదాన్ని. మూడో నెలలో ఒకావిడ వచ్చి ఆ కాగితం తీసి నా మిషను మీద పెట్టింది. "అక్కా, నీ కుట్టు బాగుంది. ఇది మాత్రం నేను అడగలేదు కదా. శనివారం మా ఆయన ఒక్కపొద్దు ఉంటాడు. సరిగ్గా ఆ పూటే ఇది ఆయన చేతిలో పడింది" అంది. గొంతు కూడా పెంచలేదు. ఆ తర్వాత ఆవిడతో పాటు ఇంకో ఐదారుగురు రావడం మానేశారు.

నేను ఆదివారం మందిరంలో నిలబడి, ప్రభువు కోసం నష్టపోయానని సాక్ష్యం చెప్పాను. కూడిక అయ్యాక పాస్టరమ్మ పక్కకు పిలిచి, "ఆ కాగితంలో ఏముందో నువ్వు చదివావా తల్లీ?" అని అడిగింది. చదవలేదు. సంఘంలో కట్టలు కట్టలుగా ఇస్తే తెచ్చుకున్నాను, అంతే. ఇంటికెళ్లి చదివితే యేసు గురించి ఉన్నది నాలుగు లైన్లు. మిగతాదంతా వాళ్లు కొలిచే దేవుళ్లను తక్కువ చేసే మాటలే. ఆ రాత్రి నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ యేసును వద్దనుకుందని ఊరంతా చెప్పుకున్నాను, ఆవిడ దాకా యేసు సంగతి వెళ్లనే లేదు.

గ్రూపులోంచి తీసేసినా పాత మెసేజ్‌లు నీ ఫోన్‌లో ఉంటాయి. ఒకసారి వాటిని నీ పెదనాన్న కళ్లతో చదువు. టైమ్‌టేబుల్ కోసం పెట్టుకున్న గ్రూపులో రోజూ పొద్దున్నే బైబిల్ వాక్యం పెడితే, మనవాళ్లయినా విసుక్కుంటారు.

మన ఊరు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇక్కడ చాలా ఇళ్లలో కొండంటే ఇంటి పెద్ద లాంటిది. పెళ్లి కుదిరినా, బిడ్డ పుట్టినా ముందు అటే చూస్తారు. తిరుమల కొండ మీద ఇతర మతాల ప్రచారం 2007 నుంచి చట్టప్రకారం నిషేధం. యూత్ మీటింగ్‌లో ఎవరైనా రెచ్చగొట్టినా అక్కడికి కరపత్రాలు పట్టుకుని వెళ్లొద్దు. చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేదాన్ని. మొక్కు తీర్చుకోవడానికి పిల్లల్ని భుజానేసుకుని మెట్లెక్కే మనిషిని దారిలో ఆపి వాదించడం నాకు సువార్తలా అనిపించదు. మన విశ్వాసాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగంలోని 25వ ఆర్టికల్ మనకిచ్చింది. నాకొద్దు అనే హక్కు ఎదుటి మనిషికీ ఉంది. అలాగే ఎవరైనా లడ్డు ప్రసాదం ఇస్తే మొహం తిప్పుకోకు. నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే చేతులు జోడించి, "ఏమనుకోవద్దమ్మా, నేను తీసుకోను" అని మెల్లగా చెప్పు. నువ్వు వద్దన్న తీరే వాళ్లకు ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

ఇప్పుడు మా అవ్వ సంగతి చెప్తాను. నేను ఇన్నేళ్లు ఆగిపోకుండా ఉన్నానంటే చాలావరకు దానివల్లే.

అవ్వది పాకాల దగ్గర ఒక పల్లె. పెళ్లయిన కొన్నేళ్లకే ఆమెకు టీబీ వచ్చింది. అప్పట్లో టీబీ అంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరమే. కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన ఆస్పత్రి అది. అవ్వ నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. సొంత చెల్లెలు కూడా చూడ్డానికి రాలేదట, జబ్బు అంటుకుంటుందని భయం. అక్కడ ఒక నర్సమ్మ రోజూ సాయంత్రం మంచం పక్కన కూర్చుని బైబిల్ కీర్తనల్లోంచి ఒకటి చదివేది. అవ్వ గోడ వైపు తిరిగి పడుకునేది. ఒకరోజు "నీ పుస్తకం ఆ పక్క మంచానికి తీసకపో" అని కసిరిందట. నర్సమ్మ మరునాటి నుంచి పుస్తకం తేలేదు. దువ్వెన తెచ్చింది. డ్యూటీ అయ్యాక రోజూ అవ్వ తల దువ్వి జడ వేసి వెళ్లేది. అవ్వ ఇంటికొచ్చే దాకా అలాగే చేసింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. తాత పోయిన ఏడాది అవ్వ ఒక ఆదివారం మూడు మైళ్లు నడిచి చర్చి వెతుక్కుంటూ వెళ్లింది. ఎందుకెళ్లావే అంటే "ఆ నర్సమ్మ చెయ్యి గుర్తొచ్చింది" అనేది. బాప్తిస్మం తీసుకున్నాక ఆ సంగతి చెబుదామని ఆరోగ్యవరం పోతే, ఆమె అప్పటికే ఉద్యోగం మానుకుని వెళ్లిపోయింది. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ నర్సమ్మ మనసులో మా అవ్వ గోడ వైపు తిరిగి పడుకున్న మనిషిగానే ఉండిపోయి ఉంటుంది. ఇప్పుడు మా ఇంట్లో నాలుగో తరం పిల్లలు సండే స్కూల్‌కి వెళ్తున్నారు.

మన పక్క జిల్లా నెల్లూరు చరిత్ర కూడా ఇలాంటిదే. అమెరికన్ బాప్టిస్టులు అక్కడ 1840లో పని మొదలుపెట్టారు. పదమూడేళ్లకు కూడా ఫలితం అంతంతమాత్రమే, 1853లో మూసేద్దామా అని వాళ్ల దేశంలో పెద్ద చర్చే జరిగింది. అక్కడ పనిచేస్తున్న మిషనరీ జూయెట్ గారు మాత్రం వదలనన్నారు. 1854 కొత్త సంవత్సరం రోజు తెల్లవారుజామున కొద్దిమందితో ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె అందరూ చెప్తారు. నాకు దానికంటే గొప్పగా అనిపించేది దాని ముందు జరిగింది. అంతకుముందు రెండేళ్లు ఘోరమైన కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలిపని ఇప్పించాడు. ఆ కరువు రోజుల్లో ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం ఎవరూ రాకూడదని. మనుషులు తన దగ్గరికి ఎదురొస్తున్నప్పుడు కూడా ఆగడానికి ఎంత నమ్మకం ఉండాలి!

పెదనాన్న విషయంలో నా సలహా ఇది. ఒక ఏడాది ఆయన దగ్గర ఆ మాట ఎత్తకు. కానీ వెళ్లడం మానకు. గడప తొక్కొద్దన్నది ఆ మాటలతో, నిన్ను కాదు. బీపీ మాత్రలు తెచ్చిపెట్టు, స్విమ్స్ ఆస్పత్రిలో ఓపీ క్యూలో నువ్వు నిలబడు. అలా చేస్తే మారతాడని లెక్క వేసుకుని మాత్రం చేయకు, పెద్దవాళ్లు అది ఇట్టే కనిపెడతారు. ఎవరైనా అడిగితే మీ నిరీక్షణకు, అంటే మీలో ఉన్న ఆశకు, కారణం సాత్వికంతో చెప్పమన్నాడు యేసు శిష్యుడు పేతురు. అడిగితే అన్నాడు చూడు, నేను ఆ మాటను చాలా ఏళ్లు చూసుకోకుండానే చదివాను. ఇప్పుడు నా షాపులో ఒక వాక్యం క్యాలెండర్ ఉంది, అంతే. ఎవరైనా బాధ చెప్పుకుంటే "మీ కోసం ప్రార్థన చేయొచ్చా?" అని అడుగుతాను. వద్దంటే మళ్లీ కొలతల్లో పడతాను.

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, వాళ్లు నశించిపోతే నేనే బాధ్యుణ్నని టెన్షన్‌గా ఉందని రాశావు. ఆ బరువు నీది కాదు తమ్ముడూ. నాటేవాడు ఒకడు, నీళ్లు పోసేవాడు ఒకడు, పెంచేది దేవుడు అని బైబిల్లో అపొస్తలుడు పౌలే చెప్పాడు. ఒంటరిగా కూడా ఉండకు. యేసు శిష్యుల్ని ఇద్దరిద్దరిగా పంపాడు. నీ సంఘంలో వయసులో పెద్దవాళ్లను ఒకరిని చూసుకుని వారానికోసారి కలిసి ప్రార్థన చెయ్యి.

కాగితం తిరిగిచ్చిన ఆవిడ నాలుగేళ్ల తర్వాత పాప స్కూల్ యూనిఫాం కుట్టించడానికి మళ్లీ వచ్చింది. నేను క్షమించమని అడిగాను. అప్పటి నుంచి వస్తూనే ఉంది. వాళ్ల ఇంట్లో శనివారం ఒక్కపొద్దు అలాగే ఉంది, యేసు గురించి ఆవిడ ఇంతవరకు ఒక్క మాటా అడగలేదు. మొన్న జాకెట్టు తీసుకుని మెట్లు దిగుతూ మళ్లీ వెనక్కి తిరిగి, "పాప నీట్ రాస్తా ఉంది అక్కా. మీ పద్ధతిలో నువ్వు కూడా ఒక మాట అనుకో" అంది. ఆ రాత్రి షట్టర్ దించేసి, లోపలే మోకరించి ఆ పాప పేరు పెట్టి ప్రార్థన చేశాను. ఇంకా రిజల్ట్ రాలేదు.