ఆర్చి బ్రిడ్జి బొమ్మ వేస్తున్న మేనకోడలికి

చి. అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. రాజమండ్రి ఆర్చి బ్రిడ్జిని వాటర్ కలర్స్‌లో వేద్దామని కూర్చుంటే కమానులు లెక్కపెట్టడంతోనే సరిపోతోందని రాశావు. లెక్క నేను చెప్తాను, మొత్తం 28. ఒక్కోదాని పొడవు 97 మీటర్ల పైమాటే. ఇక ఆ సంగతి వదిలెయ్. శ్రద్ధగా వేయాల్సినవి నీకు దగ్గరగా ఉన్న రెండు మూడే. మిగతావి పోనుపోను పలచబడి అవతలి ఒడ్డులో కలిసిపోవాలి. దూరపు కమానులకి కూడా గీత కొట్టొచ్చినట్టు వేశావో, రెండు మైళ్లకి దగ్గర దగ్గరున్న గోదావరి కాస్తా పంటకాలువ అయిపోతుంది.

పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటావు కాబట్టి బ్రిడ్జి నీ కంటికన్నా ఎత్తులో ఉంటుంది. ముందు కంటి ఎత్తున ఒక అడ్డగీత గీసుకో. కమానుల పై కొసలు, పట్టాలుండే అంచు ఆ గీత వైపు దిగుతూ పోవాలి, స్తంభాలు నీటిని తాకే చోట్లు పైకి ఎక్కుతూ రావాలి. అన్నీ ఒకే చోట కలవాలి. ఈ మూడు గీతలు కుదిరితే సగం టెన్షన్ తీరినట్టే. ఇంకోటి, ప్రతి కమానులోనూ పక్కపక్కనే రెండు వంపులుంటాయి. చాలామంది ఒక్కటే గీసి వదిలేస్తారు, అప్పుడది అట్టముక్కలా కనబడుతుంది. రెండో వంపుని కొంచెం లేతగా వెయ్యి.

వేళ కూడా చూసుకో. పొద్దున ఎండ నీ వెనక నుంచి పడి కాంక్రీటు తెల్లగా మెరుస్తుంది, చూడ్డానికి బాగుంటుంది గానీ బొమ్మకి చప్పిడి. సాయంత్రం సూర్యుడు కొవ్వూరు వైపు దిగేటప్పుడు బ్రిడ్జంతా ముదురు నీడగా నిలబడుతుంది. ఆ నీడకి నల్లరంగు ముట్టుకోకు, అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలుపు. వరద రోజుల్లో నీళ్లు ఎర్రగా, మందంగా ఉంటాయి కాబట్టి ప్రతిబింబం అంతగా కనబడదు. ఉందనుకుని వేయకు.

పక్కనున్న పాత హేవలాక్ వంతెన మీద నీకు మనసుందని తెలుసు. 1900 నాటి ఆ రాతి స్తంభాలు నాకూ ఇష్టమే. కానీ దానికి వేరే కాగితం తియ్యి.

రైలు పెట్టాలా వద్దా అన్నావు. నేనైతే పెట్టను. దాని బదులు స్తంభం పక్కన ఒక చిన్న పడవ వెయ్యి, బ్రిడ్జి ఎంత పెద్దదో అదే చెబుతుంది. మొదటి రంగు ఆరాక ఫోటో తీసి పంపు, చూసి చెప్తాను.

మావయ్య