ముర్షిదాబాద్‌లో మూడేళ్లున్నాను, చేతిపంపు నీళ్లు కాచి తాగితే చాలనుకోకండి

మావారికి మాల్దా ట్రాన్స్‌ఫర్ అయింది, ఇంటి ఓనరు పంపు నీళ్లు అద్దంలా ఉన్నాయంటున్నాడు, కాచి వడగట్టి పిల్లాడికి పట్టొచ్చా అని అడిగారు కదా. ఆ పంపు టెస్ట్ చేయించేదాకా పట్టకండి. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఆ బెంగాల్ జిల్లాల్లో భూమిలోని నీళ్లలో ఉండే ఆర్సెనిక్ అనే విషం ఎక్కడికీ పోదు, పైగా నీళ్లు మరిగి తగ్గేకొద్దీ మిగిలినవాటిలో ఇంకాస్త చిక్కబడుతుంది.

నేను బ్యాంకు ఉద్యోగం మీద ముర్షిదాబాద్ జిల్లా దోమ్‌కల్ దగ్గర పనిచేశాను. వెళ్లేముందు మా టెన్షనంతా విరేచనాలు, కామెర్ల గురించే, అందుకే దిగిన రోజు నుంచే కాచి చల్లార్చి తాగాం, ఐదు నెలలు. అక్కడ బకెట్ ఎర్రబడకపోతే, టీ నల్లబడకపోతే మంచి పంపు కింద లెక్క. అది ఇనుము పరీక్షే, ఆర్సెనిక్‌కు రంగూ రుచీ ఏమీ ఉండవు. మా ఓనరు పంపు ఆ రెండిట్లోనూ పాసైంది మరి!

కౌంటర్లో కొందరికి వేలిముద్ర ఎంతకీ పడేది కాదు. అరచేతుల్లో ఆవగింజలంత గట్టి బుడిపెలు, చొక్కా గుండీ ఊడితే ఛాతీ మీద వాన చినుకులు పడ్డట్టు మచ్చలు. పొలం పనికి చేతులు కాయలు కాశాయనుకునేవాణ్ణి. నీళ్లు పరీక్షచేసే కుర్రాడొకడు లోన్ పని మీద వచ్చి ఇది ఆర్సెనిక్ సార్ అని చెప్పి, సాయంత్రం కిట్ పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. సీసాలో మా నీళ్లు పోసి, ఏవో పొడులు కలిపి, మూతకు తెల్ల కాగితం ముక్క పెట్టి బిగించాడు. కాసేపాగి తీస్తే కాగితం తేనె రంగుకొచ్చింది. హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, ఇది 50 దాటింది అన్నాడు. మా ఆవిడ లేచి వెళ్లి బిందెడు కాచిన నీళ్లూ పారబోసింది.

ఇది ఏ ఫ్యాక్టరీవాడో కలిపింది కాదు. హిమాలయాల నుంచి గంగ తెచ్చిన ఒండ్రులో ఇనుప తుప్పుకు అంటుకుని ఉంటుంది, భూమిలో గాలి ఆడని చోట ఆ తుప్పు కరిగినప్పుడు నీళ్లలోకి వస్తుంది. చెరువు నీళ్లతో పిల్లలకు జబ్బులొస్తున్నాయని పక్కన బంగ్లాదేశ్‌లో 1970లలో యూనిసెఫ్ సాయంతో ఊరూరా పంపులు వేయించారు, మేలు చేద్దామనే, కానీ వాటిలో చాలావాటికి ఆర్సెనిక్ నీళ్లే తగిలాయి. ఇటు బెంగాల్లో మాత్రం 1983లో కలకత్తా చర్మవైద్యుడు కె.సి. సాహా దగ్గరకు వచ్చిన రోగుల వల్ల సంగతి బయటపడింది.

మీరు చేయాల్సింది, ముందు ఆ పంపు ఎన్ని అడుగులో అడగండి. లోతు తక్కువ బోర్లలోనే ఎక్కువ గొడవ, 500 అడుగులు దాటినవి చాలావరకు నయం, అయినా టెస్ట్ తప్పదు. నది నీళ్లు శుద్ధిచేసి పైపుల్లో ఇస్తుంటే అవే పట్టుకోండి. ఆర్వో పెట్టుకుంటే బయటికొచ్చే నీళ్లు కూడా పరీక్షకు పంపండి, ఆర్సెనిక్‌లో ఒక రకాన్ని అది సరిగా ఆపదు. మా వీధి బడి పక్కన ఆర్సెనిక్ ఫిల్టరు ఒకటుండేది, లోపలి మందు ఎప్పుడు మార్చారంటే చెప్పే నాథుడు లేడు, జనం ధైర్యంగా పట్టుకెళ్లేవారు.

అన్నం, పప్పు కూడా ఆ మంచి నీళ్లతోనే వండండి, అన్నం ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చేయండి, బియ్యంలో ఉన్నదీ కొంత పోతుంది. స్నానానికీ బట్టలకూ పంపు నీళ్లు వాడుకోవచ్చు, మేం మూడేళ్లూ అలాగే వాడాం.