నవ్వొస్తే పళ్ళు బిగపట్టు! ఎన్‌సీసీ క్యాంపు ప్రశ్నలు, మాస్టారి జవాబులు

(వేసవి సెలవుల్లో ఎన్‌సీసీ క్యాంపులకి వెళ్ళే పిల్లలు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు రాసిన ఉత్తరాలు ఈసారి. జవాబులు ఇస్తున్నది కాలేజీలో పాఠాలు చెప్తూనే ఏఎన్‌వోగా, అంటే కాలేజీలో ఎన్‌సీసీ చూసుకునే ఆఫీసరుగా, క్యాంపులు నడిపి రిటైరైన మాస్టారు.)

ప్రశ్న: మాస్టారూ, మావాడు డిగ్రీ ఫస్టియర్, ఎన్‌సీసీలో చేరాడు, పది రోజుల క్యాంపుకి వెళ్తున్నాడు. వాడికి అన్నిటికీ నవ్వే, పెళ్ళిలో పంతులుగారు తుమ్మినా ఆగడు. అక్కడ నవ్వితే కొడతారా? ఇంకోటి, క్యాంపు నుంచి అటే మిలిటరీకి పట్టుకెళ్ళిపోతారని మా అత్తగారు ఒకటే గోల. — ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: ముందు అత్తగారి సంగతి తేల్చేద్దాం అమ్మా. ఎన్‌సీసీ 1948 నాటి చట్టంతో వచ్చింది, క్యాడెట్‌గా చేరినంత మాత్రాన యుద్ధానికి వెళ్ళాల్సిన పని లేదని ఆ చట్టంలోనే ఉంది. సైన్యంలోకి వెళ్తానని రేపు మీవాడే పట్టుబడితే అది వేరే కథ, ఎన్‌సీసీలో ఆఖరి పరీక్ష పాసై 'సి' సర్టిఫికెట్ ఉన్నోళ్ళకి ఆఫీసరు ఎంపికలో స్పెషల్ ఎంట్రీ కూడా ఉంది, కానీ ఈ ముక్క అత్తగారికి ఇప్పుడే చెప్పకండి.

ఇక నవ్వు. కొట్టరు, కొట్టకూడదు కూడా. గ్రౌండ్ చుట్టూ ఓ రౌండ్ పరిగెత్తమంటారు, లేదా ఫ్రంట్ రోల్ అంటారు, అంటే ఆ ఎండిపోయిన గడ్డిలో పిల్లిమొగ్గలే, లేచేసరికి జుట్టు నిండా పల్లేరుకాయలు. అసలు చిక్కెక్కడంటే సావధాన్‌లో, అంటే అటెన్షన్‌లో, నిలబడినప్పుడు కళ్ళు కూడా పక్కకి తిప్పకూడదు కదా, ఎవడికో కడుపులో గుర్రుమంటుంది, మూడోవాడి భుజం కదులుతుంది, ఆ కదలిక లైను చివరిదాకా పాకుతుంది, ఎవడూ శబ్దం చెయ్యడు, అందరి మొహాలూ టమాటాలే. డ్రిల్లు నేర్పే ఉస్తాద్‌కి అన్నీ తెలుసు. ఆయన కూడా అటు తిరిగి మీసం సర్దుకుంటాడు, అది నవ్వు దాచుకోడానికే అని నా అనుమానం.

ప్రశ్న: సార్, నాకు హిందీ సినిమా పాటలు తప్ప హిందీ రాదు. డ్రిల్లులో కమాండ్లన్నీ హిందీలోనే అంటున్నారు. అందరూ కుడికి తిరిగితే నేను ఎడమకి తిరుగుతానేమోనని భయం. — ఒక క్యాడెట్, నర్సీపట్నం

జవాబు: తిరుగుతావు తమ్ముడూ, అందులో డౌటేం లేదు. మొదటిరోజు ప్రతి స్క్వాడ్‌లోనూ ఇద్దరు ముగ్గురు తిరుగుతారు, ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గర్లో ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ నిలబడిపోతారు, ఇద్దరికీ తామే కరెక్ట్ అని గట్టి నమ్మకం! పైన చెప్పిన ఆ నవ్వుల జబ్బు సగం ఇక్కడే మొదలవుతుంది.

నీకు నిజంగా కావాల్సింది భాష కాదు, చెవి. ప్రతి కమాండూ రెండు ముక్కలుగా వస్తుంది. మొదటి ముక్క సాగదీస్తారు, "దాయినేఏఏ" అని, అది ఏం చెయ్యాలో చెప్పడం. రెండోది టక్కున తెగుతుంది, "ముడ్!" అని, అప్పుడే కదలాలి. రెండూ కలిపితే కుడికి తిరుగు అని. కొత్తోళ్ళందరూ సాగదీసేటప్పుడే తిరిగేస్తారు, ఉస్తాద్ ఇంకా గాలి పీలుస్తూనే ఉంటాడు, వీళ్ళు మాత్రం అప్పటికే తిరిగి బూటు కొట్టేసి ఉంటారు. కుడికి తిరిగేప్పుడు బరువు కుడి మడమ మీద, ఎడమ కాలి ముని వేళ్ళ మీద ఉంచు, ఎడమకైతే దానికి రివర్స్. రాత్రి పడుకునే ముందు టెంట్ వెనకాల పదిసార్లు తిరుగు, ఎవడో ఒకడు చూసి నవ్వుతాడు, వాణ్ణి కూడా పక్కన నిలబెట్టుకో.

తేజ్ చల్, అంటే క్విక్ మార్చ్, అనగానే కుడి చెయ్యీ కుడి కాలూ కలిసి ముందుకి రావడం ఇంకో రోగం. ఇంట్లోంచి గ్రౌండ్ దాకా చక్కగా నడిచొచ్చినవాడే కమాండ్ వినగానే అలా అయిపోతాడు, ఎందుకంటే చేతుల గురించి ఆలోచించడం మొదలెడతాడు కాబట్టి. చెయ్యి వదిలెయ్యి, మడమ నేలకి కొట్టడం మీదే మనసు పెట్టు, చెయ్యి దానంతటదే దారికొస్తుంది.

ప్రశ్న: మా ఫ్రెండ్ రాత్రి సంత్రీ డ్యూటీలో, అంటే కాపలాలో, ఉంటే దుప్పటి కప్పుకుని వెళ్ళి భయపెడదామని ప్లాన్. చెయ్యొచ్చా? — పేరొద్దు, కరీంనగర్

జవాబు: వద్దు నాయనా. నిద్రమత్తులో ఉన్నవాడి చేతిలో కర్ర ఉంటుంది, చీకట్లో దెయ్యమా ఫ్రెండా అని చూసి కొట్టడు. సంత్రీ దగ్గర కామెడీ నువ్వు ప్రత్యేకంగా తయారుచెయ్యాల్సిన పని కూడా లేదు. "థమ్! కౌన్ ఆతా హై?" అని అరవాలి కదా, రాత్రి రెండింటికి గొంతు పెగలక "ఎవర్రా అదీ" అని తెలుగులో అరిచినోళ్ళని చూశాను, దానికి అవతలోడు పాస్‌వర్డ్ మర్చిపోయి "నేనేరా, బాత్రూమ్‌కి" అన్నాడు, ఇద్దరూ కాసేపాగి సరే అనుకున్నారు. ఒక క్యాంపులో రౌండ్స్‌కి వచ్చిన ఆఫీసరుకే పాస్‌వర్డ్ గుర్తు రాలేదు, ఆ పిల్లాడు ఆయన్ని చేతులు పైకెత్తించి అలాగే నిలబెట్టాడు, పొద్దున్న ఫాలిన్‌లో, అంటే అందరూ వరసగా నిలబడ్డప్పుడు, అందరి ముందూ వాడికి శభాష్!

ఎక్కడైనా జోకు వెయ్యి, ఫైరింగ్ రేంజ్‌లో మాత్రం నోరు ముయ్యి. పాయింట్ టూటూ చిన్న రైఫిలే కదా అనుకోకు, అందులో వెళ్ళేది తూటానే. ఖాళీదైనా సరే మనిషి వైపు తిప్పావంటే ఆరోజుతో నీ క్యాంపు ముగిసినట్టే. ఇంకోటి, కాల్చాక రాలిన ఖోకాలు, అంటే తూటా వెళ్ళిపోయాక మిగిలే ఖాళీ తొడుగులు, ఎన్ని ఇచ్చారో అన్నీ లెక్కపెట్టి తీసుకుంటారు. గర్ల్‌ఫ్రెండ్‌కి కీచైన్ చేయిస్తానని ఒకడు జేబులో వేసుకుంటాడు, ఇక కంపెనీ, అంటే ఆ క్యాడెట్ల దళం, మొత్తం మిట్టమధ్యాహ్నం బోర్లా పడుకుని గడ్డి పరకా పరకా వెతుకుతుంది, వాడు కూడా అందరికంటే శ్రద్ధగా వెతుకుతూ ఉంటాడు!

ప్రశ్న: సర్, ఆవకాయ తీసుకెళ్ళొచ్చా? అమ్మ సీసా కట్టేసింది. — ఒక గర్ల్ క్యాడెట్, తెనాలి

జవాబు: రూల్స్ అడిగితే ముందు మీ ఏఎన్‌వో మేడంని అడగమంటాను. అనుభవం అడిగితే మాత్రం, మే నెలలో తెలుగునాట క్యాంపు అంటే బిస్తర్ల మధ్య కొత్తావకాయ లేని టెంట్ ఉండదమ్మా. కానీ సీసా ఏంటి, స్టీలు డబ్బా కట్టమను, పైన ప్లాస్టిక్ కవరు రెండు చుట్లు. నూనె కారి ఖాకీ ప్యాంటు మీద పడిందంటే లైన్ ఇన్‌స్పెక్షన్‌లో బెరే టోపీకి హ్యాకిల్, అంటే ఆ ఈకల కుచ్చు, ఎంత నీటుగా పెట్టినా నీ వైపు ఎవరూ చూడరు, వాసన వైపు చూస్తారు. దొరికిపోతే దాచకు, "ఖాయేంగే మేడం?", తింటారా అని అడుగు. లంగర్లో, అంటే క్యాంపు వంటశాలలో, చప్పటి పప్పు రోజూ తింటున్న మనిషి ఎవరైనా ఆ ప్రశ్నకి కరుగుతారు. నేను కరిగాను.

ప్రశ్న: మాస్టారూ, ఆఖరి రాత్రి క్యాంప్‌ఫైర్‌లో మా ఉస్తాద్‌ని ఇమిటేట్ చేస్తూ స్కిట్ వేద్దామనుకుంటున్నాం. పదో రోజు కాబట్టి ఇంక పనిష్మెంట్ ఇవ్వలేరు కదా? — ముగ్గురు మిత్రులు, అనంతపురం

జవాబు: ఇవ్వలేరని ఎవరు చెప్పారయ్యా, బస్సెక్కేదాకా ఆయన ఉస్తాదే! కానీ వెయ్యండి. చాలామంది ఉస్తాద్‌లు ఎదురుచూస్తారు కూడా, ఊళ్ళూ పిల్లల్నీ వదిలేసి ఎక్కడో పంజాబ్ నుంచో గఢ్‌వాల్ నుంచో వచ్చిన మనుషులు, వాళ్ళనీ ఎవరో ఇంత గమనించారంటే ముచ్చటే. ఆయన నడక చెయ్యండి, విజిల్ ఊదే తీరు చెయ్యండి, "ఏయ్ తీస్రా నంబర్, హిలో మత్!" (మూడోవాడా, కదలకు) అని అరవండి. ఆయన తెలుగు మాట్లాడితే వచ్చే తప్పుల్ని మాత్రం ముట్టుకోకండి, మీ హిందీ ఆయన పది రోజులు భరించాడు. మీలో ఒకడు మీ స్క్వాడ్‌లో అందరికంటే చెత్తగా డ్రిల్ చేసేవాడిలా కూడా నటించాలి, ఆ వేషం అసలు మనిషికే ఇవ్వండి, వాడికి రిహార్సల్ అక్కర్లేదు.

బడాఖానా, అంటే ఆఖరి రాత్రి విందు, కంటే ముందే వెయ్యండి, తర్వాత పెట్టుకుంటే పులావు తిన్న జనం నిద్రపోతారు.

ప్రశ్న: గుండు లాంటి క్రాఫ్ చేశారు. కాలేజీ తెరిచేలోగా జుట్టొస్తుందా? — ఒక బాధితుడు, విజయనగరం

జవాబు: నెలకి సెంటీమీటరు చొప్పున లెక్కేసుకో. ఈలోగా బెరే పెట్టుకుని ఫోటో దిగి అదే డీపీ పెట్టు, లైకులు జుట్టున్నప్పటికంటే ఎక్కువే వస్తాయి.