ఐర్లాండ్ పల్లెల్లో ఇంట్లోనే ఉన్ని వడికి బట్టలు చేసుకునేవారా? ఇప్పటికీ ఉందా?

చేసుకునేవారు. ముఖ్యంగా పడమటి తీరంలో, డోనెగల్, కాన్నమారా, అరన్ దీవుల్లో. ఉన్ని తమ గొర్రెలదే, వడికేది ఇంట్లో ఆడవాళ్ళు, నేసేది చాలావరకు మగ్గం ఉన్న మగవాళ్ళు. అందరూ నేతగాడినే పొగుడుతారు, వడికినవాళ్ళ ఊసే ఎత్తరు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. మాది పొందూరు, నానమ్మ రాట్నం పక్కనే పెరిగినదాన్ని.

ఉద్యోగానికి డోనెగల్ వచ్చాక అర్దరా దగ్గర ఒక పెద్దావిడ ఇంట్లో వాళ్ళ పెద్ద రాట్నం చూశాను. ఉన్నిని ఇనప పళ్ళున్న రెండు చెక్కల మధ్య దువ్వి మెత్తటి ఏకులు చుట్టుకుంది (మా ఊళ్ళో పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ వాడతాం). తర్వాత కుర్చీ లాక్కుంటుందేమో అనుకున్నా, నిలబడే ఉంది. కుడిచేత్తో చక్రాన్ని ఒక్క తోపు తోసి, ఎడమచేత్తో ఏకు పట్టుకుని వెనక్కి నడిచింది, పోగు సాగుతూ వచ్చింది, పురి చాలినంత పడ్డాక ముందుకు నడిచి కదురుకి చుట్టింది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. కూర్చుని, కాలితో తొక్కుతూ వడికేది అవిసె నారకట (లినెన్ బట్ట దానిదే), దాని రాట్నం వేరు. నన్నూ పట్టుకోమంది. ఉన్ని జిడ్డు, గొర్రె వాసన సాయంత్రం దాకా వేళ్ళని వదల్లేదు.

ఉన్నైనా అవిసైనా, ఇంత వడికినవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి? 1796లో అవిసె పండించినవాళ్ళకు ప్రోత్సాహకంగా ఎకరానికి నాలుగు రాట్నాలు, ఐదెకరాలకు ఒక మగ్గం ఇచ్చారు. ఆ జాబితాలో దాదాపు 60 వేల పేర్లుంటే, ఎక్కువ మగవాళ్ళవే. తిప్పింది ఎవరండీ!

ఇంకో బాధ, అరన్ స్వెటర్. ఒక్కో అల్లిక ఒక్కో వంశానిదని, సముద్రంలో పోయిన జాలరిని దాన్నిబట్టే గుర్తుపట్టేవారని టూరిస్టు షాపుల్లో చెప్తారు. కట్టుకథ, నమ్మకండి. ఆ స్వెటర్ 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. అంతకుముందు నుంచీ ఉన్నది బానీన్ అనే రంగు వేయని తెల్ల ఉన్ని బట్ట, ఆడవాళ్ళు కట్టుకునే ఎర్ర ఉన్ని లంగాలు, నడుముకి చుట్టే రంగురంగుల క్రిస్ పట్టీ. వాటి గురించి అడిగేవాళ్ళే లేరు.

ఇప్పుడు సరదాకి వడికేవాళ్ళే తప్ప ఇంటి అవసరానికి వడికేవాళ్ళు లేరనే చెప్పాలి. ట్వీడ్ అనే మందపాటి ఉన్ని బట్ట నేసే చేతిమగ్గాలు డోనెగల్‌లో ఇంకా ఆడుతున్నాయి, ఉన్ని పోగు మాత్రం మిల్లుది. ఇటు వస్తే మేయో కౌంటీలో కాసిల్‌బార్ దగ్గర టర్లాక్ పార్క్ మ్యూజియంకి వెళ్ళండి, టికెట్ లేదు, పల్లె జీవితం వస్తువులన్నీ అక్కడే ఉన్నాయి.