పరపతి

చిరంజీవికి,

అమెరికా చిన్న పట్టణంలో తొలినాటి ఫోర్డ్ డీలరు మీద నువ్వు రాసిన జీవితచరిత్ర రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని. సగం పుస్తకంలో ఆయన కార్లు అమ్మాడు, మిగతా సగంలో మేయరై రోడ్లు వేయించాడు. ఈ రెంటికీ మధ్య నువ్వు గోడ కట్టేశావు. చదువుతుంటే సన్మానపత్రం విన్నట్టే ఉంది. నా మొదటి జీవితచరిత్ర కూడా ఇలాంటిదే. వాళ్ల కుటుంబం మురిసిపోయింది, ఇంకెవరూ చదవలేదు.

1908లో ఫోర్డ్ వారి మోడల్ టీ కారు 850 డాలర్లు. 1925 నాటికి చవకరకం 260కి దిగింది. ధర దిగితే సరా? వాన పడితే ఇరుసు దాకా దిగబడే బాటలో దాన్నెవరు కొంటారు? రోడ్ల కోసం ఆయన సభల్లో గొంతు చించుకున్నాడంటే అందులో ఊరి మేలూ ఉంది, కొట్టు బేరమూ ఉంది. దాన్ని దాచకు, వెక్కిరించకు కూడా.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన 1920-21 చలికాలం దగ్గర ఆగు. మాంద్యం వచ్చి కార్లు కదలడం లేదు. ఫోర్డ్ కంపెనీకి అప్పుల గడువు ముంచుకొస్తోంది. అడగని కార్లను రైలెక్కించి డీలర్లకు పంపేసింది. సరుకు దిగాలంటే ముందు రొక్కం కట్టాలి. వద్దంటే డీలర్‌షిప్ పోతుంది. అంటే కంపెనీ అప్పు కాస్తా ఊరూరి బ్యాంకుల్లో డీలర్ల పేరు మీదికి మారింది. ఆ కార్లు వచ్చిన ఉదయం మీ వాడు బ్యాంకు మెట్లెక్కాడా? ఎవరి మాట మీద అప్పు పుట్టింది? పరపతి అంటే మనకు అప్పు పుట్టడమూ, పలుకుబడీ కూడా. పుస్తకం పేరు కోసం వెతుక్కుంటున్నావుగా, ఇదిగో.

ఇంకోటి. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే రోజులవి. ఇంజిన్ ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. ట్యాంకులో పెట్రోలు తక్కువుంటే నిటారు ఎత్తుల్లో ఇంజిన్‌కు అందేది కాదు, రివర్స్‌లో ఎక్కించేవాళ్లు. అమ్మినవాడే ఇవన్నీ నేర్పాల్సి వచ్చేది. రేపు ఓటు వేసే చాలామందికి ఆయన ముందు డ్రైవింగ్ గురువన్నమాట! ఒక పేజీ ఇవ్వు.

ఆయన్ని పొగిడిన పత్రికల కత్తిరింపులు పక్కన పెట్టి పట్టణ సభ మినిట్స్ (సమావేశాల నమోదు పుస్తకం) తెరువు. ముందుగా ఏ వీధి బాగుచేశారో, ఆయన షోరూమ్ ఏ వీధిలో ఉందో చూడు. అది తేలాకే మూడో అధ్యాయం పంపు.

ఆశీస్సులతో.